గాలికి తోవ విడవని మనిషి

ఆయన పోయిన మర్నాడే మా సందు మలుపులో ఫ్లెక్సీ లేచింది. మనిషి పోయాడన్న కబురు ఇప్పుడు ఏడుపుల వల్ల తెలియదు, ఫ్లెక్సీ వల్లే తెలుస్తుంది. ఆయన ఫోటో ఒక మూలకు ఒదిగి ఉంది. మిగతా జాగా అంతా సంతాపం తెలిపేవాళ్లది. వాళ్లలో సగం మంది ఆయన దగ్గర పని చేయించుకుని, పని చెడిందని పోట్లాడి పోయినవాళ్లే. కింద పెద్ద అక్షరాలతో "మృదుస్వభావి, మితభాషి, నిగర్వి" అని అచ్చు వేయించారు.

అది చదివి, అదే రోజు మా సందులో ఇంకెవరైనా కూడా పోయారా అని వాకబు చేశాను. ఎవరూ పోలేదు.

ఆయన మా దుకాణం పక్కనే లేతు మిషను నడిపేవాడు. నాది నట్లు, బోల్టులు అమ్మే దుకాణం. మధ్య గోడ ఒక్కటే కావడంతో ఆయన మాటలన్నీ నాకు ఊరికే దక్కేవి. ఇనుము కోసేటప్పుడు లేతు ఎలా కీచుమంటుందో విన్నవాళ్లకు తెలుసు. దాన్ని మించి వినిపించేలా మాట్లాడాలంటే పుట్టుకతో ఏదో వరం ఉండాలి. అది ఆయనకు ఉండేది. సందులో అందరూ ఆయన్ని కాక అనేవాళ్లు, నేనూ అలాగే అనేవాణ్ని. ఆయన నన్ను "పుస్తకాల పటేలా" అని పిలిచేవాడు. సాయంత్రం షట్టరు దించగానే నేను గ్రంథాలయానికి పోతానని ఆ వెక్కిరింపు. పదో తరగతితో బడి నన్ను వదిలేసిన తర్వాత, మిగిలిన చదువంతా నాకు ఆ గ్రంథాలయమే చెప్పింది. కాక కంటికి మాత్రం అదొక జబ్బు.

ఆయనకు లోకంలోని సమస్త జబ్బులకూ తెలిసిన మందు ఒక్కటే. దాని పేరు ఫిన్ను.

మోటారు సైకిలు ఇంజనును దగ్గర నుంచి చూస్తే, సిలిండరు చుట్టూ పలుచని పలకలు, దొంతి పెట్టిన పళ్లేల్లాగా, వరుసగా కనిపిస్తాయి. లోపల పెట్రోలు మండుతుంటే సిలిండరు కాలిపోతుంది. ఆ వేడి పలకల్లోకి పాకి, వాటి నడుమ నుంచి పోయే గాలితో కలిసి వెళ్లిపోతుంది. పుస్తకాల్లో వీటిని శీతలీకరణ రెక్కలంటారు, బజారులో ఫిన్నులంటారు. ఈ సంగతి నేను చదివి తెలుసుకున్నాను. కాక చదవకుండానే తెలుసుకున్నాడు, అందువల్ల సగమే తెలుసుకున్నాడు. తెలిసిన సగం ఏమిటంటే, రెక్కలు ఉంటే వేడి పోతుంది. తెలియని సగం గురించి ఆయనకు ఏనాడూ ఫికరు లేదు.

బండి వచ్చి దుకాణం ముందు ఆగగానే కాక లేచి వెళ్లేవాడు. చేతిని తిరగేసి, వేళ్ల వెనక భాగాన్ని ఇంజనుకు తగిలీ తగలకుండా పెట్టి, కళ్లు మూసుకునేవాడు. దవాఖానలో పెద్ద డాక్టరు కూడా అంత గంభీరంగా నాడి చూసి ఉండడు. కాసేపటికి కళ్లు తెరిచి, "జరమున్నది" అనేవాడు. ఎండాకాలం వరంగల్ రోడ్ల మీద తిరిగొచ్చిన బండికి జ్వరం లేకపోతే ఆశ్చర్యపడాలి గానీ, ఉందని చెప్పడానికి వైద్యుడెందుకు? అయినా వచ్చినవాళ్లు భయపడేవాళ్లు. కాక అల్యూమినియం రేకును వలయాలుగా కోసి, కంపెనీ పెట్టిన ఫిన్నుల సందుల్లో తన ఫిన్నులు బిగించి పంపేవాడు. "కంపెనోడు పిసినారి. ఇయ్యాల్సినన్ని ఇయ్యడు. నేనిస్త" అనేవాడు.

అలా ఇచ్చిన బండి ఒకటి నెక్కొండ రైతుది. ఆ మనిషి పెళ్లాన్ని ఎక్కించుకుని పాలకుర్తి గుట్టకు మొక్కు తీర్చుకోవడానికి పోతే, ఎక్కుడు రోడ్డు సగంలో ఇంజను బిగుసుకుపోయింది. మరుసటి రోజు బండిని ట్రాలీ ఆటోలో వేసుకుని, ఇద్దరూ కాక ముందు దిగారు.

"పిస్టన్ పట్టేసిందంటాండ్రు కాకా. నీ ఫిన్నులు పెట్టినంక ఇంకింత ఉడుకెక్కుతాంది" అన్నాడు రైతు.

"ఏ యాళ్లకు ఎక్కినవ్ గుట్ట?"

"మిట్టమధ్యాన్నం."

"మరి సూర్యుడు చేసిన తప్పుకు నన్ను పట్టుకుంటానవేందే?"

"గదేంది కాకా? ఎంత ఎండకైన ఫికర్ లేదని నువ్వే అంటివి."

"అన్న. ఎనుక ఎవలు కూసున్నరు?"

"ఇగో, మా ఇంటామె."

కాక ఆమెను తల నుంచి కాళ్ల దాకా చూశాడు. "ఎంత బరువుంటది?" అన్నాడు.

ఆమె పక్కనే నిలబడి ఉంది, రైతు ట్రాలీ వైపు తిరిగాడు. వాళ్లు బండిని మళ్లీ ట్రాలీలోకి ఎక్కించుకుని ఇంకో మెకానిక్కును వెతుక్కుంటూ వెళ్లిపోయారు. అదే రైతు ఫోటో ఇప్పుడు ఫ్లెక్సీలో, పై వరుసలో ఉంది.

తప్పు అనేది ఎక్కడెక్కడ ఉండగలదో కాకకు బాగా తెలుసు. ఎండలో ఉంటుంది. ఇంజనాయిల్లో ఉంటుంది. రోడ్డు వేసిన కాంట్రాక్టరులో ఉంటుంది, పెట్రోలు బంకువాడిలో ఉంటుంది, వెనక కూర్చున్న ఆడమనిషి బరువులో ఉంటుంది. ఆయన చేతిలో మాత్రం ఉండదు. అన్నేళ్లూ గోడ ఇవతల కూర్చుని చెవులారా విన్నవాణ్ని, ఈ విషయంలో నా సాక్ష్యం గట్టిది.

కరెంటు స్కూటరు కొత్తగా మా సందులోకి వచ్చినప్పుడు ఆయన దాని చుట్టూ తిరిగి, వంగి, కింద నుంచి కూడా చూశాడు. ఎక్కడా ఫిన్ను లేదు. అరచేయి తిరగేసి పెడితే జ్వరం కూడా లేదు. స్కూటరు యజమాని వైపు జాలిగా చూసి, "గుండె లేని బండి కొన్నవ్ బిడ్డా" అని లోపలికి వెళ్లిపోయాడు. ఆ పూటంతా ఆయన లేతు మోగలేదు.

ఇంట్లో కూడా ఇదే వైభోగం. కాక ఇల్లు దుకాణం వెనకే. ఆయన భార్యను మేమంతా చిన్నమ్మ అంటాం. పుట్టిల్లు పరకాల. నాలుక మీద పదును ఉన్న మనిషి, కానీ ఆ పదును భర్త మీద తప్ప వాడదు. ఒకనాడు కాక కుక్కరు చుట్టూ ఫిన్నులు బిగించి పెట్టాడు. ఆవిరి దిగేదాకా ఆమె ఎదురుచూడాల్సి వస్తోందని, త్వరగా చల్లారితే మూత త్వరగా తీయవచ్చని ఆయన ఆలోచన. ఆలోచన మంచిదే. కాకపోతే రెక్కలకు వేళాపాళా తెలియదు. అవి పొయ్యి మీద ఉన్నప్పుడూ చల్లారుస్తాయి, దించిన తర్వాతా చల్లారుస్తాయి. కుక్కరు కూతపెట్టడం మానేసింది. ఆమె దాన్ని తెచ్చి నా గల్లా పెట్టె మీద పెట్టి పంచాయితీ అడిగింది.

"ఉడుకుమని నేను మంట పెడుతాన. సల్లారుమని ఈయన రెక్కలు పెడుతాండు. ఇది ఎవల మాట ఇనాలె బిడ్డా? నువ్వు బుక్కులు సదువుతవు గద, నువ్వే జెప్పు."

గోడ అవతలి నుంచి కాక కేక: "గ్యాసు మంటల దమ్ము లేదు!"

"మంటకు దమ్ము లేక కాదు, నీకు తెల్వి లేక! ఇంట్ల సల్లారాల్సింది ఏందన్న ఉంటే నీ తలకాయ. దానికి బిగించుకో ఫిన్నులు."

ఆయన బిగించుకోలేదు గానీ, తన స్టీలు చాయ గ్లాసుకు బిగించుకున్నాడు. దానివల్ల చాయ పోసీ పోయకముందే నీళ్లలా అయ్యేది. ఆ చల్లటి చాయను పెదవులతో ఊదుకుంటూ, మా అందరి ముందూ, గొప్పగా తాగేవాడు.

నేను ఊరుకుని ఉండాల్సింది. కానీ చదివినవాడికి ఊరుకోవడం అంత తేలిక కాదు. గ్రంథాలయంలో వెనక వరుస బీరువాలో, పాలిటెక్నిక్ పిల్లల కోసం తెలుగులో రాసిన ఉష్ణశాస్త్రం పుస్తకం ఒకటి దొరికింది. కాగితాలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి, నాకంటే ముందు ఎవరూ తెరిచినట్టు లేదు. అందులో రెక్కల మీద ఒక అధ్యాయం ఉంది. రెక్కలు పెరిగితే వేడి ఎక్కువ పోతుంది, నిజమే. కానీ ప్రతి రెక్కనూ అంటిపెట్టుకుని వేడెక్కిన గాలి పొర ఒకటి ఉంటుంది. రెక్కలు మరీ దగ్గరైతే ఈ పొరలు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. కొత్త గాలి లోపలికి దూరదు. అప్పుడు రెక్కలు ఎన్ని ఉన్నా లేనట్టే. ఇది చదివి, మర్నాడు షట్టరు ఎత్తగానే కాక దగ్గరికి వెళ్లాను. శాస్త్రాన్ని శాస్త్రంలా చెబితే వినడని, పెళ్లి భోజనం పోలిక తీసుకున్నాను.

"కాకా, బంతిల ఆకులు మరీ దగ్గర దగ్గర ఏస్తే వడ్డించెటోడు యాడికెల్లి నడువాలె? గాలి గూడ గంతే. దానికి తొవ్వ ఇడువాలె."

కాక లేతు ఆపాడు. ఆయన లేతు ఆపడం నాకు దక్కిన మొదటి గౌరవం. చేతులు తుడుచుకుంటూ అన్నాడు: "మన దిక్కు బంతిల ఒకని మీద ఒకడు కూసుంటడు. ఎవడన్న ఉపాసం లేశిండా? నీ పుస్తకం రాసినోడు మన పెండ్లిల ఎన్నడు తినలే."

మళ్లీ లేతు తిప్పాడు. ఆ తర్వాత ఎప్పుడు వాదం వచ్చినా, "పుస్తకాల పటేలుకు వడ్డించుండ్రి, ఆకు జర దూరమేసి" అని సందంతా వినేలా అనేవాడు.

అలాంటి మనిషికి లోపల ఒక కోరిక ఉండేది. అది గొప్పలు చెప్పే గొంతుతో కాకుండా తగ్గు గొంతుతో చెప్పేవాడు కాబట్టి నిజమైన కోరికేనని నాకు నమ్మకం. తను చేసిన సిలిండరును ఒక్కసారి కాలేజీలో, మిషన్ల మీద పెట్టి, చదువుకున్నవాళ్లు కొలవాలి. కొలిచి, "నీదే కరెక్టు" అనాలి. అంతే. జీవితమంతా ఆయన్ని మెచ్చుకున్న గొంతు ఒక్కటే, అది ఆయనదే. ఇంకో గొంతు కూడా వినాలని ఆయనకు ఉండేది.

ఆ అవకాశం ఊరి బయట ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరరు రూపంలో వచ్చింది. ఏదో ఇరుసు సాఫు చేయించుకోవడానికి వచ్చిన ఆయన, కాక ప్రవచనం నిలబడి విన్నాడు. నవ్వలేదు, అదే వింత. తన దగ్గర చదివే పిల్లలు ఆ ఏడాది ఫిన్నుల మీదే ప్రాజెక్టు చేస్తున్నారట. "మీరొక సిలిండర్ చేసి తీసుకురండి. మా దగ్గరున్న కంపెనీ సిలిండర్ పక్కన పెట్టి కొలుద్దాం. దసరా సెలవుల తర్వాత కాలేజీ తెరిచిన రోజే రండి" అన్నాడు.

ఇక కాక దుకాణానికి వచ్చిన పనులన్నీ మూలకు చేరాయి. అల్యూమినియం దిమ్మెను లేతు మీద ఎక్కించి, మధ్యలో తొలిచి, చుట్టూ ఫిన్నులు కోయడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కటి అప్పడమంత పలుచన. కంపెనీవాడు పెట్టినదానికి రెట్టింపు ఉన్నాయి, నడుమ సందు వేలి గోరు దూరేంత. నిజం చెప్పాలి, అందంగా ఉంది. చేతిలో పట్టుకుని తిప్పితే వెలుగు దాని మీద జారిపోయేది. ఇంత అందమైన వస్తువు తప్పుగా ఎలా ఉంటుంది అని నాకే ఒక క్షణం అనిపించింది. వెంటనే అంటుకున్న ఆ పుస్తకం కాగితాలు గుర్తుచేసుకుని తమాయించుకున్నాను.

దసరా వచ్చింది. మా దగ్గర ఆ పండుగకు మనుషుల కంటే పనిముట్లు ముందు తలంటు పోసుకుంటాయి. లేతును, గ్రైండరును, సుత్తెలను, పానాలను, బండ్లను కడిగి, పసుపు పూసి, కుంకుమ పెట్టి, బంతిపూలు వేసి మొక్కుతారు. నా దుకాణంలో తూకం మిషనుకు కూడా బొట్టు పెడతాను. కాక ఇంట ఈ పూజ ఎప్పుడూ చిన్నమ్మదే. కాక పనల్లా బయట నిలబడి కొబ్బరికాయ ఎలా కొట్టాలో నలుగురికీ చెప్పడం.

ఆ ఏడాది లేతు పక్కన పీట మీద కొత్త సిలిండరు కూడా ఉంది. చిన్నమ్మ దాన్ని చూసి ఊరికే బొట్టు పెట్టి వదల్లేదు. పరీక్షకు పోతున్న వస్తువు కదా. పసుపులో కాస్త మంచినూనె కలిపి ముద్ద చేసింది. చీపురు పుల్లతో తీసి, ఒక్కొక్క ఫిన్ను సందులో, లోపలి దాకా, ఓపికగా కూరింది. ఒక్క సందు కూడా అమ్మవారి చల్లని చూపుకు దూరం కాకూడదని. నేను జమ్మి ఆకు ఇచ్చి దండం పెట్టుకోవడానికి వెళ్లినప్పుడు ఆమె అదే పనిలో ఉంది. "మొండోడే గనీ బిడ్డా, ఆశ పడుతాండు. గెలువాలె" అంది. తర్వాత దాన్ని కొత్త తువాలులో చుట్టి, ముడి వేసి పెట్టింది. కాలేజీకి పోయేదాకా విప్పవద్దని మొగుడికి ఆన పెట్టింది.

కాలేజీ తెరిచిన రోజు కాక నన్ను కూడా రమ్మన్నాడు. నా మీద ప్రేమతో కాదు. "నువ్వు ఓడిపోతాంటే నీ మొఖం సూడాలె నేను" అని. సిలిండరును ఒళ్లో పెట్టుకుని నా బండి వెనక కూర్చున్నాడు. దారి పొడుగునా, ఎదురొచ్చే బండ్లకు జ్వరం ఎంతుందో చెబుతూనే ఉన్నాడు.

ల్యాబులో లెక్చరరూ, ఆయన విద్యార్థులూ కంపెనీ సిలిండరును బల్ల మీద సిద్ధం చేసి ఉంచారు. లోపల కరెంటుతో వేడెక్కే కడ్డీ, పైన వేడి కొలిచే తీగలు, ఎదురుగా ఒక ఫ్యాను. కాక బల్ల మీద మూట పెట్టి, పెండ్లికొడుకు తలపాగా విప్పినట్టు తువాలు విప్పాడు.

సిలిండరు లేదు. పసుపు ముద్ద ఉంది. పైన కుంకుమ బొట్లు, కంకణం, వాడిన బంతిరేకు ఒకటి.

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లెక్చరరు మర్యాదస్తుడు, "బ్రష్ తెప్పించనా? ఒకసారి క్లీన్ చేసుకుందాం" అన్నాడు.

కాక చేయి ఆ ముద్ద మీద పడింది. "వద్దు సార్. పెట్టిన పసుపును పనికి ముంగటనే తుడుస్తరా?" అన్నాడు. తర్వాత ఆయనకు సహజమైన విజ్ఞానం కూడా పలికింది. "పసుపు గూడ సల్లదనమే సార్. ఒంటికి రాసుకుంటే సల్లగుండదా? ఇంక మంచిదే."

కడ్డీలు వేడెక్కాయి, ఫ్యాను తిరిగింది. కాసేపటికి ల్యాబంతా తాలింపు వాసన కమ్ముకుంది. ఒక పిల్లవాడు తుమ్మాడు. వెనక నుంచి ఇంకొకడు, "సార్, పులిహోర అయితాంది, లంచ్ ఈడనే" అన్నాడు. లెక్చరరు కసిరాడు గానీ ఆయనకూ నవ్వు ఆగలేదు. కాక నవ్వలేదు. ముద్ద ఎండి, బిగిసి, ఇటుక రంగుకు తిరిగి, అంచుల్లో నల్లబడుతుంటే చూస్తూ ఉన్నాడు. అంకెలు చూపే డబ్బా వైపు ఆయన చూడలేదు. చేయి తిరగేసి, ముందు కంపెనీ సిలిండరుకు దగ్గరగా, తర్వాత తన సిలిండరుకు దగ్గరగా పెట్టాడు. రెండోసారి చేయి చటుక్కున వెనక్కి వచ్చింది. అంకెలు తర్వాత చెప్పిందీ అదే.

నేను గెలిచాను. ల్యాబులో, సాక్షుల ముందు, డబ్బా మీద వెలిగే అంకెలతో సహా. ఇక కాక నోటి నుంచి రాబోయే సాకు కోసం ఎదురుచూశాను. ఈసారి సాకు వెతుక్కోవాల్సిన పని కూడా లేదు. పచ్చగా, కళ్లెదుట, బల్ల మీదే ఉంది. పైగా ఆయన జీవితంలో మొదటిసారి ఆ సాకు నిజం కూడా. సందులన్నీ పసుపుతో బిగిసిపోతే ఎవరి ఫిన్నులైనా ఏం చేస్తాయి?

లెక్చరరే ఆయనకు దాన్ని అందించాడు. "మీ డిజైన్ తప్పని దీంతో చెప్పలేం. గ్యాపులన్నీ మూసుకుపోయాయి కదా. శుభ్రం చేసి తీసుకురండి, వచ్చే వారం మళ్లీ పెడదాం."

"అవును అంకుల్, ఆంటీ పసుపే కొంప ముంచింది" అన్నాడు తుమ్మిన పిల్లవాడు.

కాక వాడి వైపు ఒక చూపు చూశాడు. ఆ తర్వాత మా సందులో ఎవరూ వినని మాట అన్నాడు.

"పసుపుది ఏం లేదు సార్. ఫిన్నులు దగ్గర దగ్గర కోసిన. గాలికి తొవ్వ లేదు. తప్పు నాదే. మళ్ల పెట్టుడు అవుసరం లేదు."

అది నా మాట. నా పుస్తకంలోని మాట. ఏళ్ల తరబడి ఆయన బజారులో పెట్టి నవ్వించిన మాట. అది ఆయన నోట విన్నప్పుడు నాకు కలగాల్సిన ఆనందం ఎంతో నేను ముందే ఊహించుకుని ఉన్నాను. అది రాలేదు.

తిరిగి వస్తుంటే, ఊరు మొదట్లో బోరింగు కనపడగానే బండి ఆపమన్నాడు. నన్ను నీళ్లు కొట్టమని, తాను కింద గొంతుక్కూర్చుని, జేబులోంచి విరిగిన రంపపు బ్లేడు తీశాడు. మాడి గట్టిపడిన పసుపును ఒక్కొక్క సందులోంచి గీకడం మొదలుపెట్టాడు. నల్లటి పెచ్చులు నీళ్లలో కొట్టుకుపోయాయి. చాలాసేపటికి సిలిండరు మళ్లీ మెరిసింది.

ఆగలేక అన్నాను: "ఇగ శుభ్రమైంది గద కాకా. సారు రమ్మన్నడు గద. వచ్చే వారం పోయి పెడుదాం."

"పోతే ఏమైతది?"

"గెలిస్తే గెలుస్తవ్."

"గెలిస్తే, మొన్నెందుకు ఓడినవని మీ చిన్నమ్మ అడుగుతది. ఏం జెప్పాలె? నువ్వు మొక్కుకుంట పెట్టిందే నా కొంప ముంచిందని జెప్పాల్నా?" కాక బ్లేడును నీళ్లలో కడిగాడు. "ఓడితే నీ పుస్తకం గెలుస్తది. గదైతే అసలే వద్దు. నడు."

అంత ఓటమిలో కూడా నన్ను గెలవనివ్వకపోవడం ఆయన మర్చిపోలేదు. తోవలో కిరాణం దుకాణం దగ్గర మళ్లీ దిగాడు. చిన్న పసుపు పొట్లం కొని, సిలిండరు నెత్తిన ఒకే ఒక్క బొట్టు, శ్రద్ధగా పెట్టి, తువాలులో చుట్టాడు. పరీక్షకు ముందే పసుపు కడిగి ఒక్క బొట్టే ఉంచారని చిన్నమ్మ అనుకోవాలి. మిగిలిన పొట్లం నా జేబులో కుక్కాడు.

చిన్నమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఏమైందయ్యా?" అంది.

"ఓడిన."

"ఎట్ల?"

"ఫిన్నులు దగ్గరైనయి. నాదే తప్పు."

ఆమె నోరు తెరుచుకుని నా వైపు తిరిగింది. "ఏమంటాండు బిడ్డా? నాకు సరింగ ఇనస్తలేదు. ఇంకోపారి అనుమను." ఆయన అప్పటికే లోపలికి వెళ్లిపోయాడు. ఆమె అంతటితో ఆగుతుందా? సందు ఈ కొస నుంచి ఆ కొస దాకా, "మా ఆయన తప్పు ఒప్పుకున్నడు" అని పండుగ తర్వాత ఇంకో పండుగలా చెప్పుకొచ్చింది. ఆనాటి నుంచి కాక కనిపిస్తే చాలు, చాయ హోటలువాడు మొదలుకుని అందరూ, "కాకా, గాలికి తొవ్వ ఇడిశినవా?" అనేవాళ్లు. ఆయన తిట్టేవాడు. కానీ పసుపు మాట ఎత్తలేదు. నెక్కొండ రైతు పనిగట్టుకుని వచ్చి, "ఈసారి ఎవలు బరువుండిరి కాకా?" అని అడిగి పోయాడు. దానికీ ఎత్తలేదు. సాకులు చెప్పడంలో అంతటి ప్రతిభ ఉన్న మనిషి, నిజమైన సాకును కడుపులో పెట్టుకుని, బతికినన్నాళ్లూ అబద్ధపు తప్పు మోశాడు.

అబద్ధమో కాదో కూడా తెలియదు. శాస్త్రం ప్రకారం నా గెలుపు చెల్లదు. పసుపు లేకపోతే ఏమయ్యేదో ఎవరూ కొలవలేదు. ఆయన సందులు మరీ ఇరుకైనవే, పుస్తకం నా వైపే ఉంది. కానీ పుస్తకం రాసినవాడు ఆ సిలిండరును చూసి రాయలేదు కదా.

మొన్న ఆయన దినాల నాడు, భోజనాలు అయ్యాక, చిన్నమ్మ నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. అయినా ఆ గొంతులో ఎక్కడో ఇంకా నవ్వు మిగిలి ఉంది.

"ఎన్ని గొప్పలకు వోయిండు బిడ్డా! గనీ ఒక్కపారన్న తప్పు ఒప్పుకున్నడు. గది నీ పుణ్యమే. నువ్వు పుస్తకం సూపియ్యకపోతే ఇననే ఇనకపోతుండె."

నేను తల వంచుకున్నాను. నా పుస్తకాన్ని ఆ సందులో ఒకరు మెచ్చుకోవడం అదే మొదటిసారి.

"సందు సందుకు పసుపు పెట్టి మొక్కిన నేను" అంది ఆమె. "అమ్మవారు గూడ ఏం జేస్తది? ఆయన కోతే సక్కగ లేకపాయె. గంతేనా కాదా?"

ఆమె నా మొహంలోకి చూస్తోంది. చదివినవాణ్ని కాబట్టి, నేను చెప్పిందే నమ్ముతుంది.

"అవును చిన్నమ్మా" అన్నాను. "పుస్తకంల గూడ గట్లనే ఉన్నది."